శ్రోతలకు చరిత్ర లేదా?

మన సంగీత చరిత్రలను తిరుగవేసినచో గాయకుల జన్మస్థలములు, గురుపరంపరలు, బిరుదములు, సన్మానములు కనబడునే గాని, వారి యెదుట తెల్లవార్లు కూర్చుండి తలలూపిన వేలకొలది సామాన్యుల ప్రసక్తి యొక్క పుటలోనైనను కానరాదు. పాడినవానికి చరిత్ర కలదు, విన్నవానికి లేదు. ఆ విన్నవారిలో మన తల్లిదండ్రులును ఉండిరన్న సంగతి మనకు తట్టుటయు అరుదే.

తండ్రి యనగానే మనకు స్ఫురించునవి ఆయన ఉద్యోగము, ఆయన కోపము, నెలాఖరున ఆయన వ్రాసుకొను పద్దులు. ఆయనకును ఇరువదియేండ్ల ప్రాయ మొకటి యుండెననియు, ఆ ప్రాయమున ఆయన మనస్సు దేనియందు లగ్నమై యుండెనో యనియు మనము విచారింపము. ఆ తరమువారిలో పలువురకు చదువును తండ్రి నిర్ణయించెను, సంబంధమును మేనమామ కుదిర్చెను, ఉద్యోగమును ఏ అర్జీకి జవాబు వచ్చెనో ఆ అర్జీయే తేల్చెను. తమంత తాముగా ఎన్నుకొనగలిగినవి బహుశః తమకు నచ్చిన రాగము, తమకు నచ్చిన కంఠము మాత్రమే. కావున వారి అభిరుచిని తెలిసికొనుట యనగా, వారి జీవితమున వారి యిష్టప్రకారము నడచిన భాగమును తెలిసికొనుటయే యని నా అభిప్రాయము.

మా తండ్రిగారు రేడియోలో వార్తలు తప్ప మరేమియు వినగా మేమెరుగము. ఒకానొక పెండ్లిలో భోజనముల వేళ, ఎవరును వినుట లేదన్న ధీమాతోనో నిరాశతోనో గాని, మేళమువారు కాంభోజి నెత్తుకొనిరి. వడ్డనల సందడిలో మా తండ్రిగారి యెడమచేయి మాత్రము తొడపై ఆదితాళము వేయుచుండెను: ఒక దెబ్బ, చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు, పిమ్మట దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. చేయి కడుగుకొని ఆయన తిన్నగా మేళమువారి కడకు పోయి, "సాయిబుగారూ, ఆ నిషాదం మీద మా రోజుల్లో ఇంకాస్త నిలిచేవారండీ" అనిరి. నాదస్వరము వాయించు పెద్దాయన లేచి నమస్కరించి, "తమరు ఏ పందిట్లో విన్నారు బాబుగారూ?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు సమాధానము ఆనాటితో ముగియలేదు. 1960 ప్రాంతములందు కృష్ణా, గుంటూరు జిల్లాల ఊళ్లలో, ఉగాది మొదలు శ్రీరామనవమి వరకు తొమ్మిది రాత్రులు, వర్తకులును రైతులును చందాలు వేసికొని తాటాకు పందిళ్లు వేయించెడివారు. ఒకనాడు హరికథ, ఒకనాడు బుఱ్ఱకథ, ఒకనాడు పద్యనాటకము, ఒకనాడు పాటకచ్చేరి. టిక్కెట్టు లేదు. మా తండ్రిగారును వారి మిత్రులొకరును ఒకే సైకిలుపై డబుల్సు పోయెడివారట. దీపము లేదు గనుక పోలీసులు పట్టుకొందురేమో యని పొలిమేరలో దిగి నడచెడివారట. పందిట ముందువరుస పెద్దమనుష్యుల కుర్చీలది, ఆ వెనుక చాపలు, ఆ పైన ఇసుక, వీరిది ఇసుక. మంగళము పాడునప్పటికి కోడి కూసెడిది.

ఆ రాముని పందిటిలో నాదస్వరము వాయించినవారిలో ముస్లిము విద్వాంసు లనేకులు. కరవదిలో పుట్టి శ్రీరంగమున స్థిరపడిన షేక్ చినమౌలానా ఆ సంప్రదాయమునకు శిఖరప్రాయుడు. బుఱ్ఱకథ యనగా షేక్ నాజరు పేరే ముందుగా వినబడెడిది. దానిని వింతగా నెంచినవారు లేరని మా తండ్రిగారి మాట. ఏ గురువుకడను సరళీస్వరములైనను నేర్వని గుమాస్తాయగు మా తండ్రిగారికి రాగజ్ఞాన మబ్బినది ఈ ఇసుకలోనే. పదేపదే వినుటవలనను, ప్రక్కనున్న వృద్ధుడు "ఇది ఖరహరప్రియరా అబ్బాయీ" యని చెవిలో చెప్పుటవలనను.

రాత్రివేళ పందిళ్లకు పోవు స్వేచ్ఛ మా తల్లిగారికి లేదు. ఆమెకు కచ్చేరీసావడి రేడియోయే. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలసినది. ఆ కేంద్రపు భక్తిరంజనితో తెల్లవారిన యిండ్లు లెక్కకు మిక్కిలి. 1952 తరువాత సమాచార ప్రసార మంత్రి కేస్కరు కాలమున ఆకాశవాణి సినిమాపాటను దూరముంచగా, శ్రోతలు రేడియో సిలోనును ఆశ్రయించిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైన పిమ్మటను ఆ అలవాటు పలువురకు పోలేదు. సిలోను తెలుగు ప్రసారముల మీనాక్షి పొన్నుదురై పేరును మా తల్లిగారు నేటికిని దూరపు బంధువు పేరువలె తలచుదురు. భర్త తొడపై తాళము వేయునని ఆమెకు తెలియును. భార్యకు సిలోను పాటలన్నియు కంఠస్థములని ఆయనకు తెలియదు.

పాతపాటయే పాట యని నేను వాదించుట లేదు. నేటి యువకుని ఫోనులో ఆనాటి జమీందారునకైనను దొరకనంత సంగీతము కలదు, అది మేలే. కాని చెవిలో రాగము పేరు చెప్పు ప్రక్కవాడు లేడు, పైసా లేకుండ పోయి కూర్చుండు ఇసుకయు తరిగిపోయినది. నవమికిని వినాయకచవితికిని డీజేల పెట్టెలకు పోయుచున్న ధనములో ఒక రాత్రి పాలు తీసి, ఉత్సవ సంఘములు తమ జిల్లా నాదస్వర విద్వాంసునో హరికథా భాగవతారునో పిలువవలెను. పెండ్లిభోజనముల రొదలోనే వాయించు విద్వాంసులకు వినువారి నడుమ వాయించు భాగ్యము కలుగును. గానసభలును శాఖా గ్రంథాలయములును పెద్దలను కూర్చుండబెట్టి, వారు విన్న కచ్చేరీల ముచ్చట్లను వారి గొంతుతోనే నిలువజేయవలెను. దానికి చేతిలోని ఫోను చాలును. గాయకుని గానము రికార్డులలో కొంతయైనను మిగిలినది. శ్రోత జ్ఞాపకమున కట్టి వసతి నేటివరకు ఎవరును కల్పింపలేదు.

ఇంటిలో మనమును ఈ పని చేయవచ్చును. "మీకిష్టమైన పాట ఏది?" యని యడిగినచో పెద్దలు నవ్వి యూరకుందురు. ఎవరితో పోయితిరి, ఎట్లు పోయితిరి, ఇంటిలో ఏమని చెప్పి పోయితిరి యని యడుగవలెను. సమాధానము ఒక పూటతో తీరదు.