చెక్కుతో తీరని బాకీ

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్‌ఆర్ వెంకటాపురం మీద ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి విరుచుకుపడింది. 12 మంది చనిపోయారు. మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించింది. సబబే. అయితే ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తినవారి మనసుకు తగిలిన దెబ్బ మాటేమిటి? రైలు పట్టాలు తప్పినా, తుపాను ముంచెత్తినా మన లెక్క మృతులు, క్షతగాత్రులు, ఆస్తి నష్టం దగ్గరే ఆగిపోతోంది. బాధితులకు థెరపీ అందించడాన్ని దయగా కాక, పరిహారంలో భాగంగా, హక్కుగా గుర్తించాలి.

ఘోరాన్ని చూసినవారికి పీడకలలు రావడం, చిన్న చప్పుడుకే గుండె దడదడలాడడం సహజం. చాలామంది అయినవాళ్ల అండతో కొన్ని వారాల్లో, నెలల్లో తేరుకుంటారు. కొందరిలో మాత్రం ఆ భయం పాతుకుపోతుంది. ఆ దారిన వెళ్లరు, ఆ ఊసెత్తనివ్వరు. తప్పించుకు తిరిగే కొద్దీ భయం బలపడుతుంది. ఇలాంటివారికి ‘మర్చిపో, ధైర్యంగా ఉండు’ అన్న సలహా చేసే మేలు తక్కువే. థెరపీ దీనికి భిన్నమైన దారి పడుతుంది. శిక్షణ పొందిన నిపుణుల తోడుతో, భద్రమైన చోట, తట్టుకోగలిగిన మేరకు ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కోనిస్తుంది. ప్రమాదం గడిచిపోయిందనీ, మిగిలింది జ్ఞాపకమేననీ మనసుకు క్రమంగా తెలిసివస్తుంది. ‘నేను ముందే లేపి ఉంటే బతికేవాడు’ అన్న అపరాధ భావననూ అక్కడే నిదానంగా పరిశీలిస్తారు. చాలామందికి వారానికొకటి చొప్పున పది, పన్నెండు సిటింగులు చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే ఇలాంటి చికిత్సలను సిఫారసు చేసింది. ఘటన జరిగిన తొలి నెలలో మత్తు కలిగించే బెంజోడయజపీన్ మాత్రలతో సరిపెట్టవద్దనీ చెప్పింది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ అంతకుముందే, 2009లో, బాధితుల మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కుగా ప్రకటించింది. కాగితాలకు కొదవ లేదు, అమలుకే దిక్కు లేదు.

నిపుణులు చాలినంతమంది లేరన్నది నిజమే. కానీ అది చేతులెత్తేయడానికి సాకు కాకూడదు. శిక్షణ ఇస్తే సామాన్య కౌన్సెలర్లు కూడా డిప్రెషన్‌కు మాటల చికిత్స సమర్థంగా అందించగలరని గోవాలో సంగత్ సంస్థ ప్రయోగాత్మకంగా నిరూపించింది. ఆ బాటలో ఇక్కడా కౌన్సెలర్లను తయారుచేసి, సైకాలజిస్టుల పర్యవేక్షణలో పనిచేయించవచ్చు. మానసిక సహాయం కోసం ఉన్న 14416 టెలీ మానస్ ఫోన్‌లైను ఉపయోగకరమే. అయితే అది చికిత్సకు తొలి మెట్టు మాత్రమే.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయాల్సింది స్పష్టం. ఎక్స్‌గ్రేషియా ఉత్తర్వులోనే థెరపీకి నిధులు కేటాయించాలి. బాధితులను నెలకు, మూడు నెలలకు, ఏడాదికి ఆశా కార్యకర్తల ద్వారా పలకరించి, అవసరమైనవారిని గుర్తించాలి. జిల్లా ఆసుపత్రిలో థెరపిస్టును నియమించాలి. సిటింగుల ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య పథకాలే భరించాలి. బాధితులు మళ్లీ నిద్రపోగలిగి, పనికి వెళ్లగలిగేదాకా సహాయం పూర్తయినట్టు ఏ ప్రభుత్వమూ ప్రకటించుకోరాదు.