కందెన వేయని బండి

మా ఇంట్లో ఒక కారుంది. కారనగానే పాఠకులు నన్ను భాగ్యవంతుల జాబితాలో చేర్చేసే ప్రమాదం ఉంది కనక ముందే మనవి చేసుకుంటున్నాను: అది వయసులో నాకన్నా పెద్దది. 1966లో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు. రెండే తలుపులు, 948 సీసీల ఇంజను. దాని ముందు భాగమంతా, మడ్‌గార్డులతో సహా, గంప వాల్చినట్టు ముందుకు వాలుతుంది. ఆ వేడుక చూడటానికి మా బందరు వీధిలో పిల్లలు ఇప్పటికీ సెల్‌ఫోన్లు పట్టుకుని పరుగెత్తుకొస్తారు.

దాన్ని మా నాన్నగారు 1983లో పాత కారుగానే కొన్నారు. ఆయన లెక్కల మేష్టారు. నేను తెలుగు మేష్టర్ని. ఈ తేడా మాకన్నా ఆ కారుకే బాగా తెలిసివచ్చింది.

ఏటా దసరాకి ముందురోజు నాన్నగారు పాత గోనెపట్టా పరుచుకుని కారు కింద దూరేవారు. చేతిలో గ్రీసు గన్ను. నేను టార్చిలైటు పట్టుకునేవాణ్ని. మధ్యాహ్నానికి ఆయన మోచేతులదాకా నల్లబడి బయటికొచ్చేవారు. మర్నాడు స్నానం చేసి, మడి కట్టుకుని, అదే కారుకు పూజ. “ముందు సేవరా, తర్వాత పూజ” అనేవారు.

నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. పూజ మాత్రం నేను మానలేదు. బంతిపూల దండ, పసుపు, కుంకుమ, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు. సేవ సంగతి అంటారా, ఊళ్ళో ఒక సర్వీసింగు షెడ్డుకి అప్పగించేవాణ్ని. వాళ్ళు కడిగి, తుడిచి, బిల్లులో ‘గ్రీసింగ్’ అని కూడా రాసి ఇచ్చేవారు. చదువుకున్నవాణ్ని కదా, రాసి ఉన్నది నమ్మేవాణ్ని.

మొన్న నవంబరు మొదట్లో గుడివాడలో పెళ్ళికి బయల్దేరాం. ముందు నేనూ మా ఆవిడా, వెనక అమ్మా మా అబ్బాయీ. క్లచ్చి వదిలినప్పుడల్లా వెనకనుంచి ‘టక్’ మని చప్పుడు. పెడన దాటగానే అమ్మ, “ఒరే, చప్పుడవుతోందిరా” అంది.

“పాత కారు కదమ్మా, కబుర్లు చెబుతుంది” అన్నాను.

కౌతరం దగ్గర మళ్ళీ అంది. గుడ్లవల్లేరు దగ్గర మా ఆవిడా అంది. గుడివాడ చేరాక అమ్మ కారు దిగలేదు. “ముందు మేస్త్రీ దగ్గరికి పోనీ. పెళ్ళి ఎలాగూ అవుతుంది” అంది.

ఆ మేస్త్రీ నాన్నగారి కాలంనుంచీ ఈ కారు నాడి తెలిసినవాడు. ఇప్పుడు డెబ్బయ్యేళ్ళు దాటాయి. ఆయన ముందు భాగం తెరవనేలేదు. కారు ఒకసారి ముందుకీ, ఒకసారి వెనక్కీ నడిపించి చెవి ఒగ్గి విన్నాడు. వెనక జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, పడుకుని చెయ్యి పైకి పోనిచ్చాడు. చెయ్యి బయటికి తీస్తే వేలి చివర ఎర్రటి పొడి. అచ్చం కుంకుమలా ఉంది.

“ఇది మామూలు తుప్పు కాదు మేష్టారూ. సూదులు అరిగి పొడయిపోయాయండి” అన్నాడు.

ఆయన చెప్పినది నాకు అర్థమైనంతవరకు విన్నవిస్తాను. మామూలు కార్లలో వెనక ఇరుసు గొట్టమంతా ఒకటే దుంగలా ఉంటుంది. హెరాల్డులో అలా కాదు. నడుమనున్న డిఫరెన్షియల్ పెట్టె చట్రానికి బిగించి ఉంటుంది. దానికి అటొక ఇరుసు, ఇటొక ఇరుసు. రోడ్డు ఎగుడుదిగుడులకు చక్రం లేచి పడుతుంటే, ఇరుసు భుజం దగ్గర చెయ్యి ఆడినట్టు ఆడాలి. ఆ కీలే క్రాసు జాయింటు. కూడిక గుర్తులాంటి ఒక ఇనుప ముక్క, దాని నాలుగు కొసలకీ నాలుగు చిప్పలు, ఒక్కొక్క చిప్పలోనూ వరసగా పేర్చిన సన్నటి ఉక్కు సూదులు. ఆ సూదుల మధ్య గ్రీసు ఆరిపోతే ఉక్కును ఉక్కే తినేస్తుంది.

తినేస్తే ఏమవుతుందని అడిగాను.

“ఈ బండిలో ఇరుసు చక్రాన్ని తిప్పడమే కాదండీ, పక్కకి పోకుండా పట్టుకునేది కూడా అదే. కీలు ఊడితే చక్రం దాని దారిన అది పోతుంది” అన్నాడు. నేను వెనక సీటు వైపు చూశాను. అమ్మ కిటికీలోంచి మమ్మల్నే చూస్తోంది.

మరి బిల్లులో రాసిన గ్రీసింగు మాటో? మేస్త్రీ నవ్వాడు. గ్రీసు ఎక్కించే నిపిల్ ఆ క్రాసు మధ్యలో ఉంటుంది. చక్రం ఆగిన చోటునుబట్టి అది ఒక్కోసారి పైకి తిరిగి దాక్కుంటుంది. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట కనపడుతుంది. అక్కడ ఆపి, సన్నమూతి గన్ను ఏటవాలుగా పెట్టాలి. ఒంటిచేతి పని కాదు. కిందొకరు, చక్రం దగ్గరొకరు ఉండాలి. అంత ఓపిక లేనివాళ్ళు అందిన నిపిల్‌కి కొట్టి, అందనిదానికి దణ్ణం పెట్టి లేస్తారు.

“ఇంకో మాటండీ. గ్రీసు నాలుగు చిప్పలనుంచీ బయటికి రావాలి. మూడింట్లోంచి వచ్చిందని సంతోషించకూడదు. రాని నాలుగోదే చంపుతుంది” అన్నాడు.

“ఆయనా అదే అనేవారు. ఏటా చక్రం తిప్పింది నేనేగా!” అంది అమ్మ వెనకనుంచి.

నాకు గుర్తొచ్చింది. నేను టార్చి పట్టుకుని దోమల్ని తిట్టుకుంటూ ఉంటే, కొంగు బిగించి చక్రం తిప్పుతూ “చాలా? ఇంకా తిప్పనా?” అని అడిగింది అమ్మే. పెడనలో ఆ చప్పుడు ఆవిడ చెవికి ఎందుకు అందిందో, నాకెందుకు అందలేదో అప్పుడు తెలిసింది.

ఈ కీళ్ళతో వేగలేనిది నేనొక్కణ్నే కాదు సుమండీ. మన దేశంలో ఈ ఏర్పాటు అటు యజమానులకూ ఇటు మేస్త్రీలకూ అంతగా రుచించలేదు. హెరాల్డు 1971లో ఆగిపోయాక, 1972లో ఆ కంపెనీయే తెచ్చిన గెజెల్ కారుకు మామూలు దుంగ ఇరుసే పెట్టారు.

మా తాతగారి రెండెడ్లబండికి ఇలాంటి చిక్కు లేదు. ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన చేసేవారు. చీల ఊడదీసి, చక్రం పక్కకి లాగి, ఇరుసుకు పట్టించేవారు. చక్రం లాగకుండా కందెన వేశాననడానికి వీల్లేదు. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్న సామెత ఏటా క్లాసులో చెబుతాను. పిల్లలు నవ్వుతారు. ఆ సంగీతం నా వెనకే మోగుతుంటే కబుర్లనుకున్నాను.

పెళ్ళికి ఆటోలో వెళ్ళాం. మూడోనాటికి కొత్త క్రాసు పడింది. మిగతా మూడు కీళ్ళూ, అంటే రెండో ఇరుసుదీ, నడుమ షాఫ్టు రెండు కొసలవీ, “మీరే చూసుకోండి, నాన్నగారిలాగా” అని మేస్త్రీ ఒక సన్నమూతి గన్ను నా చేతిలో పెట్టాడు.

నవంబరు 19న మేము దివిసీమ వెళ్ళాలి. 1977లో ఆనాటి ఉప్పెనలో నాగాయలంక దగ్గర పల్లెలో అమ్మ తోబుట్టువులు ఇద్దరు పోయారు. ఏటా ఆ రోజుకు ఆవిడ అక్కడ ఉండాలి. కాలవ గట్ల వెంట దారి. చక్రం తన దారిన తాను పోతే ఎక్కడికి పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

ముందురోజు గోనెపట్టా పరిచాను. మా అబ్బాయి చక్రం తిప్పాడు. అమ్మ కుర్చీ వేయించుకుని కూచుంది. గంటసేపు వెతికితే నిపిల్ దొరికింది. గన్ను నొక్కాను.

“వచ్చిందా?” అంది అమ్మ.

“మూడు వచ్చాయమ్మా.”

“అయితే కాలేదు. తిప్పరా!”

మర్నాడు తెల్లవారుజామున బయల్దేరాం. చల్లపల్లి దాటాం, మోపిదేవి దాటాం. వెనకనుంచి ఏ సంగీతమూ లేదు. అవనిగడ్డ చేరేసరికి అమ్మ నిద్రపోయింది.