రిటైర్మెంట్‌ 61, 62... మరి మన ఖాళీ ఎప్పటికి?

‘పదవీ విరమణ వయసు మళ్లీ పెంచుతారట’ అన్న ఒక్క మెసేజ్‌ చాలు. హైదరాబాద్‌ అశోక్‌నగర్‌లో అయినా, డీఎస్సీ కోచింగ్‌కు పేరుపడ్డ అవనిగడ్డలో అయినా ఆ రోజు చదువు సాగదు. పుకారో నిజమో తేలేలోపే గ్రూపుల్లో లెక్కలు మొదలవుతాయి. ఎన్ని ఖాళీలు ఆగిపోతాయి, నోటిఫికేషన్‌ ఇంకెన్నాళ్లు వెనక్కిపోతుంది అని. ఆ ఆందోళనలో న్యాయం ఉంది. కానీ లెక్క మాత్రం సగమే సరైనది. కాగితం మీద రాసిన విరమణ వయసు ఒకటి, మనుషులు నిజంగా కుర్చీ ఖాళీ చేసే వయసు ఇంకొకటి. ఈ రెండింటి మధ్య తేడా మీకు రెండు సార్లు తగులుతుంది. ఇప్పుడు ఖాళీల రూపంలో, రేపు మీ సొంత ఉద్యోగ జీవితంలో.

నలభై ఏళ్లుగా ఇదే ఆట

విరమణ వయసును అటూ ఇటూ జరపడం మనకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1979లో దాన్ని 55 నుంచి 58కి పెంచారు. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్‌ మరుసటి నెలలోనే తిరిగి 55కి దించేశారు. ఒక్క దెబ్బతో 18 వేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులు ఇంటిముఖం పట్టారు. ప్రభుత్వ రంగ సంస్థల వారు అదనం. యువతకు అవకాశాలు రావాలన్నది అప్పటి ప్రభుత్వ వాదన. ఉద్యోగులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కె.నాగరాజ్‌ కేసుగా పేరుపొందిన ఆ వివాదంలో 1985 జనవరిలో తీర్పు ప్రభుత్వం పక్షానే వచ్చింది. విరమణ వయసు ఎంత ఉండాలన్నది విధానపరమైన నిర్ణయమని, అది ఇష్టారాజ్యంగా లేనంతవరకు చెల్లుతుందని కోర్టు తేల్చింది. అయితే ఆ 55 మాత్రం నిలవలేదు, వయసు మళ్లీ 58కే వచ్చింది.

రాష్ట్రం విడిపోయాక జోరు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌ 2014లో 58ని 60 చేసింది, 2022 జనవరి నుంచి 62 చేసింది. తెలంగాణ 2021 మార్చిలో పీఆర్సీ ప్రకటనతో పాటే 58 నుంచి ఒకేసారి 61కి వెళ్లింది. కేంద్రం మాత్రం 1998లో 60కి పెంచి అక్కడే ఆగింది.

పెంచిన ప్రతిసారీ ‘అనుభవజ్ఞుల సేవలు’ అనే మాట వినబడుతుంది. ఆ మాటలో అబద్ధం లేదు గానీ, ఖజానా సంగతి ఎవరూ పైకి చెప్పరు. ఒక ఉద్యోగి రిటైరైన రోజే ప్రభుత్వం గ్రాట్యుటీ, పెన్షన్‌ కమ్యుటేషన్‌, మిగిలిపోయిన ఆర్జిత సెలవుల సొమ్ము ఒకేసారి చెల్లించాలి. గ్రాట్యుటీ ఒక్కటే 16 లక్షల రూపాయల దాకా వెళ్తుంది. వయసు మూడేళ్లు పెంచితే ఆ బిల్లు మూడేళ్లు వాయిదా పడుతుంది. వాయిదా పడ్డ బిల్లు ఎక్కడికీ పోదు. తెలంగాణలో 2024 మార్చి తర్వాత రిటైరైన చాలామంది తమ సొమ్ము కోసం హైకోర్టు మెట్లెక్కాల్సి రావడమే దీనికి సాక్ష్యం.

మూడేళ్ల విరామం

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. 58 నుంచి 61కి పెంచడమంటే, 2021లో దిగిపోవాల్సినవారు 2024లో దిగిపోతారని అర్థం. అంటే మధ్యలో మూడేళ్లపాటు వయసు నిండి రిటైరయ్యేవారు దాదాపు ఉండరు. మరణాలు, రాజీనామాలు, స్వచ్ఛంద విరమణలు తప్ప కొత్త ఖాళీ పుట్టదు. ఆంధ్రలో ఇలాంటి విరామం రెండుసార్లు వచ్చింది. 2014 నుంచి రెండేళ్లు, మళ్లీ 2022, 2023ల్లో.

పైవాడు కదలకపోతే కింద ఏం జరుగుతుందో చూడండి. సూపరింటెండెంట్‌ రిటైరైతే సీనియర్‌ అసిస్టెంట్‌కు ప్రమోషన్‌, ఆయన స్థానంలోకి జూనియర్‌ అసిస్టెంట్‌, చివరికి ఖాళీ అయ్యేది ఆ జూనియర్‌ అసిస్టెంట్‌ పోస్టు. మీరు గ్రూప్‌-4లో రాసేది దానికే. బడుల్లోనూ అంతే. స్కూల్‌ అసిస్టెంట్‌ దిగితే ఎస్జీటీ పైకెళ్తారు, ఎస్జీటీ పోస్టు డీఎస్సీకి వస్తుంది. గొలుసు పైకొన ఆగితే కిందికొన కూడా ఆగుతుంది.

ఇక్కడే ఇంకో మెలిక. నోటిఫికేషన్లు ఆలస్యమయ్యాయని వయోపరిమితి పెంచారు. తెలంగాణలో 80,039 పోస్టుల భర్తీని ప్రకటించిన 2022 మార్చిలోనే, యూనిఫాం లేని ఉద్యోగాలకు గరిష్ఠ వయసును 34 నుంచి 44కి తీసుకెళ్లారు. 2024 ఫిబ్రవరిలో అది 46 అయింది. ఏళ్ల తరబడి ఎదురుచూసి నష్టపోయినవారికి ఇది న్యాయమే, కాదనను. కానీ ఇరవై నాలుగేళ్ల మీకు పోటీగా పదిహేనేళ్లుగా చదువుతున్న అన్నలు, అక్కలు అదే హాల్లో కూర్చుంటారు. లోపలివాళ్లు ఆలస్యంగా బయటికి వస్తున్నారు, బయటివాళ్లు ఆలస్యంగా లోపలికి వెళ్తున్నారు. మధ్యలో నలిగేది డిగ్రీ అయిపోయిన ఏడాదే రాసేవారు.

మరి పెద్దవాళ్లే మన ఉద్యోగాలకు అడ్డమా? ఈ మాట కోచింగ్‌ సెంటర్లలో తేలిగ్గా వినిపిస్తుంది. ప్రైవేటు రంగానికి ఇది వర్తించదు. అక్కడ ఉద్యోగాల సంఖ్య ముందే గీసిన గీత కాదు, వ్యాపారాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. మంజూరైన పోస్టులు లెక్కపెట్టి ఉండే సర్కారు కొలువుల్లో మాత్రం ఆ మాటకు కొంత బలం ఉంది. అయితే అది వాయిదా మాత్రమే, పోస్టు రద్దు కాదు. పైగా ఖాళీ ఏర్పడగానే నోటిఫికేషన్‌ వచ్చేయదు. ఆర్థికశాఖ అనుమతి, రోస్టర్‌, జోన్ల లెక్క, కోర్టు కేసులు, ఇవన్నీ దాటాలి. 2022 నాటి ప్రకటననే చూడండి. మొత్తం ఖాళీలు 91,142 అన్నారు, అందులో 11,103 కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణకు పోయాయి. నా లెక్కలో మన ఆలస్యానికి విరమణ వయసు సగం కారణమైతే, ఖాళీని ఖాళీగానే ఉంచే అలవాటు మిగతా సగం.

రిటైరైనా వెళ్లనివారు, రిటైర్‌ కాకుండానే వెళ్లినవారు

కాగితం మీద 61 దాటాక కూడా కొందరు అదే గదిలో కనిపిస్తారు. ఓఎస్డీ అనో, సలహాదారు అనో, కన్సల్టెంట్‌ అనో పేరు మారుతుంది, కుర్చీ మారదు. తెలంగాణలో ఇలా కొనసాగుతున్న రిటైర్డ్‌ ఉద్యోగులను తొలగించాలని 2025లో ప్రభుత్వమే ఆదేశాలివ్వాల్సి వచ్చింది.

దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ బీఎస్‌ఎన్‌ఎల్‌. అక్కడ విరమణ వయసు 60. కానీ 2019లో స్వచ్ఛంద విరమణ పథకం పెట్టి, 50 దాటినవారంతా అర్హులన్నారు. 2020 జనవరి 31న ఒకే రోజు 78 వేల మందికి పైగా బయటికొచ్చారు. సంస్థలో అప్పుడున్నది సుమారు లక్షన్నర మంది. అంటే సగం ఆఫీసు ఒక్క సాయంత్రంలో ఖాళీ. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 2000-01లో, ప్రభుత్వ బ్యాంకుల నుంచి దాదాపు లక్ష మంది ఇలాగే వెళ్లారు. వీళ్లు అంతమంది వెళ్తే కుర్రాళ్లకు అన్ని కొలువులు వచ్చాయా? రాలేదు. సిబ్బందిని తగ్గించడమే ఆ పథకాల ఉద్దేశం. తొందరగా రిటైర్‌ చేస్తే తొందరగా ఖాళీ వస్తుందనే నమ్మకానికి ఇంతకన్నా మంచి జవాబు లేదు.

ఐటీలో ఈ తేడా ఇంకా పదునుగా ఉంటుంది. ఆఫర్‌ లెటర్‌లో 58 అనో 60 అనో ఉంటుంది. కానీ నలభై అయిదు దాటిన ప్రోగ్రామర్‌ ఒక ఫ్లోర్‌లో ఎందరు కనిపిస్తారో మీ సీనియర్లను అడగండి. పెరిగిన జీతమే కొందరికి బరువవుతుంది, కోత జరిగినప్పుడు ముందు కనిపించే పేరు అదే. ఇది మన దగ్గరి జబ్బే కాదు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే అమెరికాలో ఉద్యోగుల అభిప్రాయాలు తీసుకునే సర్వేల్లో ఏటా ఒకే చిత్రం. పనిచేస్తున్నవాళ్లు 65 దాకా చేస్తామంటారు, రిటైరైనవాళ్లను అడిగితే 62కే ఆగిపోయామంటారు. దాదాపు సగం మంది అనుకున్నదానికన్నా ముందే మానేస్తున్నారు. కారణాల్లో ముందుండేవి ఆరోగ్యం దెబ్బతినడం, కంపెనీలో మార్పులు. చేతిలో సరిపడా డబ్బుండి ముందే మానేసేవారూ ఉన్నారు, కానీ అందరూ వాళ్లు కాదు.

ఇంకో విచిత్రం. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛనుకు అర్హత 57 ఏళ్లు. అదే ప్రభుత్వంలో ఉద్యోగి 61 దాకా పనికొస్తాడు. ఎండలో పనిచేసిన కూలీ శరీరం, ఫ్యాను కింద పనిచేసిన గుమస్తా శరీరం ఒకటి కావన్న సంగతి ఈ రెండంకెలే ఒప్పుకుంటున్నాయి. ఆంధ్రలో పింఛనుకు 60, ఉద్యోగికి 62.

మీ లెక్క మీరే వేసుకోండి

డిగ్రీ విద్యార్థికి రిటైర్మెంట్‌ గురించి ఎందుకని అనిపించొచ్చు. కానీ ప్రిపరేషన్‌లో గడిచే ప్రతి ఏడాదీ చివర్లో సర్వీసు నుంచే తెగుతుంది. 24 ఏళ్లకు చేరితే తెలంగాణలో 37 ఏళ్ల సర్వీసు. 40కి చేరితే 21 ఏళ్లే. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు అన్నీ ఆ మేరకు కుదించుకుపోతాయి. పైగా 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి రెండు రాష్ట్రాల్లోనూ పాత పెన్షన్‌ వర్తించదు. సీపీఎస్‌లో ఉద్యోగి బేసిక్‌, డీఏలపై 10 శాతం కోసి పొదుపు చేస్తారు. తక్కువ ఏళ్లు అంటే తక్కువ నిధి. మీ నాన్నగారి తరం చెప్పే ‘గవర్నమెంటు జాబ్‌ అయితే చివరిదాకా పెన్షన్‌’ అనే మాట మీకు అలాగే అన్వయించదు.

ప్రైవేటులో ఈపీఎస్‌ పెన్షన్‌ 58 ఏళ్లకు మొదలవుతుంది, కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. 2014 సెప్టెంబరులో పెట్టిన 15,000 రూపాయల పరిమితి మీద లెక్క కట్టేటప్పుడు జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. 35 ఏళ్లు పూర్తిచేస్తే నెలకు 7,500. పదిహేనేళ్లకే ఆగిపోతే 3,214. యాభై దాటాక ముందే కావాలంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోత. ఇంకో సంగతి చాలామంది ఫ్రెషర్లకు తెలియదు. మొదటి ఉద్యోగంలోనే పీఎఫ్‌ లెక్కించే జీతం 15,000 దాటితే ఈపీఎస్‌లో సభ్యత్వమే ఉండదు. యజమాని వాటా మొత్తం పీఎఫ్‌లోకే వెళ్తుంది. అలాంటప్పుడు ఉద్యోగం మారిన ప్రతిసారీ పీఎఫ్‌ తీసేసి బైక్‌ కొనుక్కుంటే 48 ఏళ్లకు చేతిలో ఏమీ ఉండదు.

సర్కారు కొలువే లక్ష్యమైతే, విరమణ వయసు వార్త వచ్చినప్పుడు ముందు అమలు తేదీ చూడండి, తర్వాత వయోపరిమితి కూడా పెంచుతున్నారేమో చూడండి. నెలలవారీ లెక్క కావాలంటే ఒక చిన్న కిటుకు. రిటైర్మెంట్‌ ఎప్పుడూ నెల చివరి రోజే. ఒకటో తేదీన పుట్టినవారు మాత్రం అంతకుముందు నెలాఖరుకే వెళ్లిపోతారు. ఆ తరంలో చాలామంది పుట్టినరోజు బడిలో చేర్చుకున్నప్పుడు హెడ్మాస్టరు వేసిన జులై 1. ఏటా జూన్‌ 30న సన్మానాలు, శాలువాలు ఎక్కువగా కనిపించడానికి అదీ ఓ కారణం. పుట్టిన సంవత్సరం చూసినా తెలిసిపోతుంది. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం 1966లో పుట్టిన ఉద్యోగులు తెలంగాణలో 2027లో, ఆంధ్రప్రదేశ్‌లో 2028లో దిగిపోతారు. మీరు కోరుకునే శాఖలో ఆ వయసువారు ఎందరున్నారో, వాళ్ల కింద ప్రమోషన్‌కు ఎందరు ఎదురుచూస్తున్నారో మీ జిల్లా ఆఫీసులో తెలిసినవారిని అడిగితే చెబుతారు.