‘సార్ లేరా మేడమ్?’

పోయిన నెలలో ఒక ఆదివారం మా వాషింగ్ మెషీన్ మధ్యలో ఆగిపోయింది. లోపల దుప్పట్లు, సబ్బు నీళ్ళు. నీళ్ళు బయటికి పోవు, తలుపు తెరుచుకోదు. మర్నాడు వచ్చిన మెకానిక్ కుర్రవాడు మెషీన్‌ని ముట్టుకోకుండానే నా వెనక గదిలోకి చూస్తూ, ‘సార్ లేరా మేడమ్?’ అన్నాడు. లేరన్నాను. ‘పంపు పోయుంటుంది, మార్చాలి. సార్ వచ్చాక ఫోన్ చేయించండి’ అని, వచ్చినందుకు చార్జీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మెషీన్ కొన్నది నా జీతంతో. ఆరేళ్ళుగా దాని మీటలు నొక్కుతున్నదీ నేనే. ‘సార్’ అనబడే నా సహచరుడికి అందులో సబ్బుపొడి ఎక్కడ పోయాలో కూడా తెలియదు. అయినా దాని గురించి మాట్లాడే అర్హత ఆయనదే! ప్రకటనల్లో మెషీన్ పక్కన నవ్వుతూ నిలబడేది స్త్రీ. అది చెడిపోయిన క్షణం నుంచి మాత్రం మగవాళ్ళ వస్తువు. నడపడం ఆడపని, బాగుచేయడం మగపని. మొదటిదానికి కూలి లేదు, రెండోదానికి బిల్లు ఉంది.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె రాగానే, ‘మెషీన్ బాగయ్యేదాకా బట్టలు కాస్త చేత్తో ఉతికిపెడతావా?’ అన్నాను. ఆమె తల వంచుకునే, ‘మాట్లాడుకున్నది గిన్నెలూ, ఇల్లు తుడవడమే కదమ్మా’ అంది. సామాజిక శాస్త్రంలో డాక్టరేట్ చేసి, ఇంటిచాకిరీ మీద ఉపన్యాసాలిచ్చే నేను, నా మీద పడ్డ బరువుని నాకంటే బలహీనురాలైన స్త్రీ మీదికి తోసేశాను. మెకానిక్ నుంచి నాకు, నా నుంచి ఆమెకు. ఈ వరసలో ఇంటాయన చేతులు ఎక్కడా తడవలేదు.

యంత్రాలొచ్చాక ఆడవాళ్ళకి పనేముందని చాలామంది అంటుంటారు. అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ 1983లోనే ‘మోర్ వర్క్ ఫర్ మదర్’లో దీనికి జవాబు చెప్పింది. యంత్రాలు ఒంటి శ్రమను తగ్గించినా, అంతకుముందు మగవాళ్ళూ పిల్లలూ పంచుకున్న పనులు గృహిణి ఒక్కదాని మీదే పడ్డాయి, శుభ్రతకు కొలతలూ పెరిగాయి. మన లెక్కలే చూడండి. జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం 2019లో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి 299 నిమిషాలు వెచ్చించారు, పురుషులు 97. 2024 నాటికి స్త్రీలవి 289 అయ్యాయి, పురుషులవి 88. మనకు పది నిమిషాలు తగ్గితే వాళ్ళు తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు!

ఆ సాయంత్రం మెషీన్‌తో వచ్చిన పుస్తకం తీశాను. ఇంగ్లీషులో ఉంది, హిందీలో ఉంది, తెలుగులో లేదు. అందులో ఉన్నది బ్రహ్మవిద్య కాదు. స్విచ్చి ఆపి ప్లగ్ తీసేయాలి. వేడినీళ్ళయితే చల్లారనివ్వాలి. వెనక నీళ్ళు పోయే గొట్టం మడతపడిందేమో చూడాలి. ముందు తలుపున్న మెషీన్లలో చాలావాటికి కింద ఒక మూలన చిన్న మూత ఉంటుంది. దాని వెనక సన్నని గొట్టం ఉంటే బిరడా తీసి, వెడల్పాటి పళ్ళెంలోకి నీళ్ళు వదలాలి. నీళ్ళన్నీ పోయాక పక్కనున్న ఫిల్టర్‌ని ఎడమకు తిప్పి లాగాలి. దాన్ని కడిగి, లోపల పంపు రెక్కలకు దారాలు చుట్టుకున్నాయేమో చూసి, మళ్ళీ గట్టిగా బిగించాలి. అప్పటికీ నీళ్ళు పోకపోతే అది మెకానిక్ పని.

మా ఫిల్టర్‌లో రెండు రూపాయి బిళ్ళలు, ఒక గుండీ, నానిన పార్కింగ్ చీటీ ముద్ద దొరికాయి. మన బట్టలకు జేబులు ఉండవు కదా, అవి ఎవరివో వేరే చెప్పనక్కర్లేదు. అరగంటలో నీళ్ళు పోయాయి. పంపుకి ఏమీ కాలేదు.

తెలియకపోవడం మన స్వభావం కాదు, మనకి నేర్పించిన అలవాటు. ఆడపిల్లకి గరిటె ఇచ్చి మగపిల్లాడికి స్క్రూడ్రైవర్ ఇచ్చే ఇంట్లోనే అది మొదలవుతుంది. అలాగని ఫిల్టర్ కడగడం కూడా మన చాకిరీ జాబితాలో చేరితే విముక్తి అనిపించుకోదు. తెలుసుకోవడం మన హక్కు, చేయడం ఇంట్లో అందరి బాధ్యత. తెలుగు నేల మీద అమ్మే యంత్రానికి తెలుగులో పుస్తకం ఇవ్వమని అడుగుదాం. జేబులున్నవాళ్ళే వాటిని ఖాళీ చేసి బట్టలు వేయాలి, ఫిల్టర్ వంతులవారీగా కడగాలి.

ఇక మన ఇళ్ళల్లో పనిచేసే స్త్రీల సంగతి. ఇంటి పనివాళ్ళ హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికను ఆమోదించింది. దాని మీద భారత ప్రభుత్వం ఇంకా ధృవీకరణ ముద్ర వేయలేదు. ప్రభుత్వాన్ని నిలదీయాల్సిందే. కానీ ఏ పనికి ఎంత జీతమో, ఎక్కువ పనికి ఎంత ఎక్కువో ఆమెతో కూర్చుని మాట్లాడి కాగితం మీద రాసుకోవడానికి ప్రభుత్వం కోసం ఆగాలా? మేం ఆ పని మొన్ననే చేశాం. బట్టలు ఉతకడం అందులో లేదు.