చిల్లర మింగే పెట్టె

అది 1972. అమెరికాలోని సన్నీవేల్. ఇప్పుడు మన తెలుగువాళ్లు బాగా కనిపించే ఊరే. అక్కడి ఓ బార్లో కొత్తగా పెట్టిన ఆటపెట్టె కొన్నాళ్లకే మొరాయించింది. దాన్ని తయారుచేసిన అటారీ ఇంజినీరు అలన్ ఆల్కార్న్ వెళ్లి చూస్తే... వైరు తెగలేదు, తెర పాడవలేదు. చిల్లర డబ్బా నిండిపోయింది! ఇంకో నాణెం పట్టే చోటే లేదు. ఆ ఆట పేరు ‘పాంగ్’. అటో గీత, ఇటో గీత, మధ్యలో బంతిలా తిరిగే చుక్క. అంతే.

వీడియో గేమ్‌కి అదే పుట్టుక కాదు. 1958లోనే విలియం హిగిన్‌బోథమ్ అనే శాస్త్రవేత్త, తమ ప్రయోగశాల చూడ్డానికి వచ్చినవాళ్లను తెరమీద టెన్నిస్ ఆడించాడు. 1962లో ఎంఐటీ కుర్రాళ్లు కంప్యూటర్ మీద ‘స్పేస్‌వార్’ ఆడారు. అవన్నీ సరదాకే. తర్వాత డబ్బు వచ్చి చేరింది. ఆట తీరునూ మార్చేసింది.

ఎలాగంటే... నాణెం వేసి ఆడే పెట్టెలో ఆట తొందరగా అయిపోవాలి. లేకపోతే రెండో నాణెం పడదు కదా! 1978లో వచ్చిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేగం పెంచుతారు. ‘అయ్యో, కొంచెంలో పోయిందే’ అంటూ చెయ్యి మళ్లీ జేబులోకి వెళ్లేది.

1983లో జపాన్ కంపెనీ నింటెండో, టీవీకి తగిలించే ‘ఫ్యామికామ్’ తెచ్చింది. కాసెట్ ఒకసారి కొంటే చాలు. అందుకే ఆటా నిడివి పెరిగింది. 1985 నాటి ‘సూపర్ మారియో’లో ఎనిమిది లోకాలు దాటితే రాకుమారి దొరుకుతుంది. అచ్చం మన జానపద సినిమాలా... చివర్లో శుభం కార్డు! మన దేశానికి ఎక్కువగా వచ్చినవి దాని నకళ్లే. అయితేనేం, వేసవి సెలవుల్లో కాసెట్‌ను ఉఫ్‌మని ఊది పెట్టెలో దూర్చిన పిల్లలకు అసలైనా నకలైనా ఒకటే. ఉన్నది ఒకే టీవీ. ‘ఇప్పుడు నా వంతు’ అనే గొడవ, ‘ఇంక చాలు’ అనే అమ్మ కేక... రెండూ ఆటలో భాగమే.

2015 ఆగస్టులో కథ మన వాకిట్లోకే వచ్చింది. షియోమీ తన తొలి భారతీయ తయారీ ఫోన్ ‘రెడ్‌మీ 2 ప్రైమ్’ని శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో చేయించింది. అప్పుడది చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. ఒకప్పుడు ఎక్కడో తయారై వచ్చిన ఆటపెట్టె ఇప్పుడు సత్యవేడు పక్కనే తయారై అందరి జేబుల్లోకీ చేరింది.

ఫోన్లో చాలా ఆటలు ఉచితం. కానీ శుభం కార్డు ఉండదు. ఒక మెట్టు ఎక్కితే ఇంకోటి. మధ్యలో ప్రకటన, ఆపైన ‘కొనుక్కుంటావా?’ అనే ప్రశ్న. ఇక పందెం కాసే ఆటల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆన్‌లైన్ రమ్మీ, పేకాటలను 2020లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది.

చట్టం పందేన్ని ఆపగలదు. అంతులేని ఆటను ఆపాల్సింది ఇంట్లోవాళ్లే. అందుకే ‘ఎంతసేపు ఆడతావురా?’ అని కసిరేముందు పక్కన కూర్చుని రెండు సంగతులు చూడాలి. ఈ ఆట ఎక్కడ ముగుస్తుంది? డబ్బు ఎక్కడ అడుగుతుంది?

సన్నీవేల్ పెట్టె చిల్లర నిండాక ఆగిపోయింది. జేబులో ఉన్న ఈ పెట్టె నిండేది కాదు మరి!