బస్తీ సాక్ష్యానికి చట్టంలో చోటేది?

భోపాల్ యూనియన్ కార్బైడ్ కర్మాగార ప్రాంగణంలో దశాబ్దాలుగా నిల్వ ఉన్న 337 టన్నుల విష వ్యర్థాల దహనం 2025 జూన్ ఆఖరుకు పీతంపూర్‌లో పూర్తయింది. మధ్యప్రదేశ్ హైకోర్టు గడువు విధించిన తరువాత, ఆ ఏడాది జనవరి 1 రాత్రి 12 కంటైనర్లలో, భారీ బందోబస్తు నడుమ ఆ వ్యర్థాలను అక్కడికి తరలించారు. విషవాయువు విరుచుకుపడిన 1984 డిసెంబరు నాటి రాత్రి తరువాత నాలుగు దశాబ్దాలకు ఒక అధ్యాయం ముగిసిందన్న భావన అధికార వర్గాల్లో వ్యక్తమైంది. బాధితుల సంఘాల లెక్క మాత్రం వేరు. కాలిపోయినవి గోదాములో మూటగట్టి ఉంచినవే తప్ప భూమిలో పాతిపెట్టినవి కావు. కర్మాగారం లోపలా చుట్టుపక్కలా శుద్ధి చేయవలసిన మట్టి 11 లక్షల టన్నులని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 2010లోనే అంచనా వేశాయి. ఈ అంకె ప్రభుత్వ శాస్త్ర సంస్థలదే. అది దస్త్రాల్లో మరుగున పడకుండా ఇన్నేళ్లూ ప్రజల నోట నిలబెట్టినవారు బస్తీ కార్యకర్తలు, వారికి సారథ్యం వహించిన కొద్దిమంది.

ఈ సారథ్యం ఎక్కడి నుంచి పుట్టిందో గమనించాలి. రషీదా బీ, చంపాదేవి శుక్లా ఇద్దరూ దుర్ఘటనలో ఆరోగ్యాన్నీ, దాని పర్యవసానాల్లో ఆప్తులనూ పోగొట్టుకున్నవారే. బాధిత మహిళల ఉపాధి కోసం ప్రభుత్వం నెలకొల్పిన స్టేషనరీ తయారీ కేంద్రంలో వారికి పరిచయమైంది. అక్కడి కూలి రేట్లపై అసంతృప్తితో 1986లో మహిళా కార్మికుల సంఘం ఏర్పడింది. 1989లో ఆ మహిళలు దాదాపు 750 కిలోమీటర్లు నడిచి ఢిల్లీ చేరారు. 2002లో ఢిల్లీలో 19 రోజుల నిరాహారదీక్ష జరిగింది. 2004లో ఆ ఇద్దరికీ గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం లభించగా, ఆ సొమ్ముతో వైకల్యంతో పుట్టిన పిల్లల చికిత్సకు చింగారీ ట్రస్టును స్థాపించారు. పర్యావరణం అనే మాట వారి పోరాటంలోకి ఆలస్యంగానే వచ్చింది. మొదట వచ్చింది కూలి. హాజరుపట్టీ, వేతనాల చిట్టా, విజ్ఞాపన పత్రం, రసీదు: ఈ నాలుగింటినీ పట్టి నిలబడటం కార్మిక సంఘంలో నేర్చినవారు, తరువాత చేతిపంపు నీటి విషయంలోనూ అదే పట్టుదల చూపారు.

అబ్దుల్ జబ్బార్ పద్ధతి మరొకటి. 1987లో ఆయన నెలకొల్పిన మహిళా ఉద్యోగ సంఘటన్ దానం కాదు, ఉపాధి కావాలని నినదించింది. శనివారాల్లో భోపాల్ షాజహానీ పార్కులో జరిగే సమావేశమే ఆ సంఘానికి కార్యాలయం, పాఠశాల, న్యాయ సలహా కేంద్రం. వితంతువులు, వృద్ధులు తమ పరిహారపు కాగితాలు పట్టుకుని వచ్చి కూర్చునేవారు. విరాళాలపై, వ్యూహాలపై భోపాల్ సంఘాల మధ్య ఏకాభిప్రాయం ఎన్నడూ లేదు. దాన్ని బలహీనతగా చిత్రించేవారున్నారు గానీ, ఒక సంఘం అలసినప్పుడు మరొకటి నిలబడటానికి ఆ భిన్నత్వమే తోడ్పడిందని చెప్పవచ్చు. 2019 నవంబరులో జబ్బార్ మరణించేనాటికి సొంత చికిత్సకు తగిన సొమ్ము ఆయన వద్ద లేదు. మరణానంతరం 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

పురస్కారాలు కనబడినంతగా పని కనబడదు. ఏ పంపు నీరు ఏ నెలలో వాసన కొట్టింది, ఏ ఇంట ఎవరికి ఏ జబ్బు, వారు ఆ వీధికి ఎప్పుడు కాపురం వచ్చారు అన్న వివరాలను ఇల్లిల్లూ తిరిగి రాయాలి. ఫలితం కనబడని ఏళ్లలోనూ రాయించాలి. బాధను పెంచి చెప్పాలనే సహజమైన తొందరను ఆపాలి, ఎందుకంటే ఒక్క తప్పు లెక్క దొరికితే మిగిలిన వంద లెక్కలనూ ప్రతివాది కొట్టిపారేస్తాడు. ఇది నాయకత్వంలో అత్యంత కష్టమైన భాగం. కర్మాగారం పరిసర బస్తీలకు శుద్ధమైన నీరు అందించాలని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించింది. ఆ ఆదేశం కుళాయి దాకా రావాలని కోరుతూ 2006లో బాధితులు మళ్లీ ఢిల్లీకి నడవవలసి వచ్చింది.

ఇలాంటి పని భోపాల్‌కే పరిమితం కాదు. రషీదా బీ, చంపాదేవిలతో పాటే 2004లో గోల్డ్‌మన్ పురస్కారం అందుకున్న మార్గీ రిచర్డ్ అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, షెల్ కర్మాగారం పక్కనున్న నల్లజాతీయుల వాడకు చెందిన ఉపాధ్యాయురాలు. ప్లాస్టిక్ బకెట్‌లో అమర్చిన ప్రత్యేక సంచిలోకి గాలిని పట్టి ప్రయోగశాలకు పంపే చౌక పద్ధతి ఆమె ఉద్యమానికి ఆయుధమైంది. ఆ వాడవాసుల పునరావాస వ్యయాన్ని భరించేందుకు 2002లో సంస్థ అంగీకరించింది. అదే బకెట్ తమిళనాడులోని కడలూరు సిప్కాట్ పారిశ్రామికవాడకు చేరింది. అక్కడి గ్రామస్థులు ఎప్పుడు ఏ దిక్కు నుంచి ఎలాంటి దుర్వాసన వచ్చిందో నమోదు చేస్తూ, గాలి నమూనాలను అమెరికా ప్రయోగశాలకు పంపి 2004లో ఫలితాలు ప్రకటించారు. అప్పటికి బెంజీన్ వంటి విషవాయువుకు మన పరిసర గాలి ప్రమాణాల్లో పరిమితే లేదు. అది 2009లో వచ్చింది.

అయితే ఆ బకెట్‌లోని గాలి మన చట్టం దృష్టిలో ఏమిటి? 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నమూనా సేకరించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది నియమించిన అధికారికి మాత్రమే ఉంది. యాజమాన్యానికి నోటీసు ఇవ్వడం, సీలు వేయడం వంటి ప్రక్రియ పాటించనిదే విశ్లేషణ ఫలితం న్యాయస్థానంలో సాక్ష్యంగా చెల్లదు. 19వ సెక్షన్ మాత్రం 60 రోజుల ముందస్తు నోటీసుతో సామాన్య పౌరుడు సైతం ఫిర్యాదు చేయవచ్చంటుంది. తలుపు తెరిచి గడప మూసినట్లుంది ఈ ఏర్పాటు. విషవాయువు అర్ధరాత్రి వదిలితే, నోటీసు పట్టుకుని అధికారి వచ్చేది మరునాడు. యాజమాన్యానికి తెలియకుండా నమూనాలు పుట్టించే ప్రమాదం ఉందన్న అభ్యంతరం అర్థం లేనిది కాదు. కానీ దానికి పరిష్కారం సేకరణ పద్ధతిని నిర్దేశించడం. సేకరించేవారినే మినహాయించడం కాదు.

తెలుగు రాష్ట్రాల అనుభవమూ దీనికి దూరం కాదు. పటాన్‌చెరు రైతులు, స్థానిక వైద్యులు చెరువుల కాలుష్యంపై 1980ల నుంచే మొరపెట్టుకున్నారు. అక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించాకనే ప్రపంచం వినింది. విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. ఆ వేళ హెచ్చరిక సైరన్ మోగలేదు. ఇరుగుపొరుగు కేకలే ప్రజలను నిద్రలేపాయి.

ఇక నిధులు. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి తెచ్చిన సవరణ, ఒక సంస్థ పొందిన విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. పాలనా వ్యయ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. పెద్ద సంస్థల ద్వారా ఊరి స్థాయి చిన్న బృందాలకు సొమ్ము చేరే దారి ఆ విధంగా మూసుకుపోయింది. విదేశీ ధనంపై నిఘా ఉండటం తప్పు కాదు. ఆ లోటును భర్తీ చేసేంతటి దేశీయ దాతృత్వం మాత్రం పాఠశాలలకు, అన్నదానాలకు ముందుకు వచ్చినట్లుగా కాలుష్యంపై పనిచేసే కార్యకర్త నెలజీతానికి ముందుకు రాదు.

ఈ నేపథ్యంలో కేంద్ర పర్యావరణ శాఖ 2025 ఆగస్టులో ప్రకటించిన పర్యావరణ ఆడిట్ నిబంధనలను పరిశీలించాలి. కాలుష్య నియంత్రణ మండళ్లకు సిబ్బంది చాలడం లేదన్నది వాటి వెనుక ఉన్న వాదన. అర్హత పొంది నమోదైన ప్రైవేటు ఆడిటర్లు ఇకపై పరిశ్రమలను తనిఖీ చేయవచ్చు, నమూనాలు సేకరించవచ్చు. ఏ పరిశ్రమకు ఏ ఆడిటరో యాదృచ్ఛిక పద్ధతిలో నిర్ణయిస్తారు. అంటే అధికారి కానివారు నమూనా పట్టరాదన్న పాత పట్టుదలను ప్రభుత్వమే సడలించుకుంది. సడలింపు వృత్తి నిపుణుడి దాకా వచ్చి ఆగింది. ఆడిటర్ కర్మాగారానికి వచ్చిన రోజున పక్క బస్తీలోని నమోదు పుస్తకాన్ని చూడాలనీ, కార్యకర్త సమక్షంలో నీటి నమూనా తీయాలనీ, నివేదిక ప్రతిని స్థానిక భాషలో గ్రామపంచాయతీకి లేదా వార్డు కార్యాలయానికి అందించాలనీ ఒక షరతు చేర్చడానికి కొత్త చట్టం అవసరం లేదు, నిబంధనల సవరణ చాలు. భోపాల్‌లో మట్టి శుద్ధి ఎప్పుడు మొదలైనా, ఏ తవ్వకం ఏ బావిని తాకుతుందో చెప్పగలిగినవారు ఆ బస్తీల్లో వృద్ధులవుతున్నారు. వారి చిట్టాలు ఇంకా వారి ఇళ్లలోనే ఉన్నాయి.