ఆటవిడుపు: చూస్తే మతి పోయే ఆట!

దెయ్యం సినిమాల్లో ఆఖరి రీలు సంగతి మీకు కొత్త కాదు. ఎంతటి భూతమైనా సరే, హీరోగారి చేతికి ఏ తాయెత్తో దొరికిందంటే చాలు, ఇట్టే మాయం! మనం హాయిగా సోడా తాగి ఇంటికి పోతాం. మరి ఏ హీరో వల్లా కాని భూతం ఉంటే?

అలాంటి భూతాన్ని పుట్టించిన ఘనుడు అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్ (1890-1937). 1928లో అచ్చయిన ఆయన కథలో క్తులూ అనేది సముద్రం అడుగున నిద్రపోతూ ఉంటుంది. దానికి మన మీద పగా లేదు, ప్రేమా లేదు. దాని లెక్కలో మనం చీమలం! ఆ సంగతి తెలిసినవాడికి మతి చలిస్తుంది. ఈ రకం భయాన్నే ‘కాస్మిక్ హారర్’ అంటారు.

1981లో శాండీ పీటర్సన్ అనే ఆయన దీన్ని ఆటగా మలిచాడు. 1984లో జ్యో దెకార్త్ అనే సంస్థ దాన్ని ఫ్రెంచిలోకి దించింది. ఇందులో ఆడేవాళ్లు తలో పాత్రా వేస్తారు. ప్రతి పాత్రకూ మతిస్థిమితానికి ఇన్ని మార్కులని ఉంటాయి. భూతం కంటబడిందా, పాచికలు వెయ్యాల్సిందే! పందెం తప్పితే మార్కులు పోతాయి. సున్నాకొస్తే ఆ పాత్రకు ఇక తెలివి రాదు.

అసలు కిటుకు ఇంకోటుంది. భూతాన్ని ఆపాలంటే పాత గ్రంథాలు తిరగేసి దాని రహస్యాలు తెలుసుకోవాలి. కానీ ఎంత తెలుసుకుంటే మతిస్థిమితం హద్దు అంత కిందికి దిగుతుంది. చదవకపోతే ఊరు పోతుంది, చదివితే మతి పోతుంది. ఎలా ఉంది వరస?

ఫ్రాన్సులో ఆ రోజుల్లో కుర్రకారుకి ఆటల పిచ్చి బాగా ఎక్కింది. ‘జ్యో ఎ స్త్రాతెజీ’ అనే పత్రిక 1980 నుంచి 1990 దాకా రెండు నెలలకోసారి వచ్చేది. చాలా సంచికల్లో నడుమ ఒక ఆటే పెట్టి ఇచ్చేవారు. బోర్డూ, పావులూ కత్తిరించుకుని ఆడుకోవడమే! 1980లోనే మొదలైన ‘కాసుస్ బెల్లీ’ పత్రిక క్తులూ ఆటకి కొత్త కొత్త కథలు అందించేది.

కానీ కత్తెర పెడితే పుస్తకం పాడు, పెట్టకపోతే ఆటే లేదు! నడిమి పేజీలో అభిమాన తారని చింపి గోడకి అంటించాలా, పుస్తకం దాచుకోవాలా అని కొట్టుకులాడిన వాళ్లకి ఆ బాధ వేరే చెప్పాలా? అలాంటి సంచిక ఇవాళ చెక్కుచెదరకుండా దొరికిందంటే దానర్థం ఒకటే. ఆ కాపీతో ఎవ్వరూ ఆడలేదు!

క్తులూ ఆటలోనూ అంతే. గ్రంథం తెరవనివాడి మార్కులు భద్రంగానే ఉంటాయి. కానీ వాడికి కథేమిటో చివరిదాకా తెలియదు.

నన్నడిగితే కత్తెరకే నా ఓటు. మరి మీరో?